తవ్వి పూడ్చిన చోటు

ఆస్పత్రిలో ఆమె పెద్ద నర్సు. వీధిలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ నర్సమ్మే. పెళ్లి చేసుకోలేదు; చేసుకోలేదని బెంగపడనూ లేదు. వాళ్లమ్మ బస్సు డిపోలో గుమాస్తాగా పనిచేస్తూ, ఒక్కో గదీ చొప్పున ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన ఇల్లు అది. పోతూ పోతూ కింది వాటా కూతురికి, పై వాటా కొడుక్కి ఇచ్చి పోయింది.

ఆ కొడుకు ఇంట్లో చిన్నోడు. చెంపలు నెరిసినా, ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే షాపుకి యజమాని అయినా, అక్కకి చిన్నోడే. అమ్మ డ్యూటీకి వెళ్తే వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడికి సైకిల్ నేర్పిస్తూ కిందపడి మోచెయ్యి చీరుకుంది. వాడికి జ్వరమొస్తే తాను బడి మానేసింది. ఇదంతా ఆమె ఎప్పుడూ చెప్పుకునేది కాదు. చెప్పుకోవాల్సిన సంగతిగా తోచనే లేదు.

నిరుడు వానలు తగ్గుముఖం పట్టాక ఆమె పడకగది గోడకి చెమ్మ మొదలైంది. ముందు మంచం తలాపు దగ్గర అరచేయంత మచ్చ. ఎండలొస్తే అదే ఆరుతుందనుకుంది. అప్పుడే ఆస్పత్రి వాళ్లు ఏదో శిక్షణ అంటూ ఆమెని వేరే ఊరికి పంపారు. తిరిగొచ్చేసరికి ఇంటి పక్క సందులో, సరిగ్గా ఆమె కిటికీ కింద, పరిచిన బండలు కొంచెం ఎగుడుదిగుడుగా కనిపించాయి.

"పందికొక్కు తవ్విందక్కా," అన్నాడు చిన్నోడు. "బొక్క పూడ్చి బండలు మళ్లీ వేయించాను."

"మంచి పని చేశావు," అందామె. అంతటితో ఆ సంగతి మరిచిపోయింది.

ఎండలు వచ్చాయి. వీధిలో తారు కరిగింది. గోడ మాత్రం ఆరలేదు. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచం మీద రాలింది. బీరువా వెనక బూజు పట్టింది. డ్యూటీ చీర మడత విప్పితే ముక్కిన వాసన. కిటికీ మూల నుంచి ఒక పగులు మొదలై వంకరటింకరగా పైకి పాకింది. రోజూ పొద్దున లేవగానే ఆమె చూపు దానిమీదికే పోయేది, రోగి జ్వరం చార్టు చూసినట్టు.

చిన్నోడు వచ్చి గోడ తట్టి చూశాడు. పెదవి విరిచాడు.

"అక్కా, చెప్తే బాధపడతావు గానీ, నువ్వు మొక్కలకి పోసే నీళ్లన్నీ పునాదిలోకే దిగుతున్నాయి. పాత ఇల్లు, తట్టుకోలేదు."

ఆమె కిటికీలోంచి మొక్కల వంక చూసింది. సందు పొడవునా డబ్బాల్లో గులాబీలు, పుదీనా, ఎక్కడినుంచో తెచ్చి నాటిన తీగలు ఉండేవి. ఆ రోజు నుంచి వాటికి నీళ్లు పొయ్యడం మానేసింది. గులాబీలు కళ్లముందే ఎండిపోయాయి. ఎండిన వాటిని పీకి, డబ్బాలు మేడమీదికి చేర్చింది. స్నానం సగం బకెట్‌తో కానిచ్చింది. బట్టలు మూటగట్టుకుపోయి ఆస్పత్రి లాండ్రీలో ఉతుక్కుంది. అయినా గోడ తడి తడిగానే ఉంది. అమ్మ కట్టిన ఇంటిని నా చేతులారా నేనే కూలదోస్తున్నాను కదా అని లోలోపల కుమిలిపోయింది.

పై నుంచి మరదలు దిగివచ్చి మందపాటి పట్టా ఒకటి ఇచ్చింది. "నేల చల్లదనం కాళ్లకి మంచిది కాదు వదినా, మంచం పక్కన వేసుకోండి," అంది. ఎంత మంచి పిల్ల అనుకుంది నర్సమ్మ.

తర్వాత చిన్నోడు ఒక ఇంజినీరుని తెచ్చాడు. ఆయన పగులు మీద పెన్నుతో గీతలు గీసి, కళ్లద్దాలు తుడుచుకుని, "పునాది కుంగుతోందమ్మా. ఇంకో వానాకాలం ఆగడం అనుమానమే," అన్నాడు. ఆ వారమే, ఇంటి వెనక గోడౌన్ ఉన్న ఆసామి ఆ స్థలం తనకిస్తే బాగుంటుందని కబురంపాడు. గోడౌన్ పెంచుకోవాలట. ఇల్లు ఎలా ఉన్నా ఫరవాలేదట, ఎటూ కూలగొట్టేదే కదా.

చిన్నోడు తొందరపెట్టలేదు. "నీ ఇష్టం అక్కా. నువ్వు కాదంటే కాదు," అన్నాడు. ఆ మెత్తదనానికే ఆమె కరిగిపోయింది. కొన్నాళ్లు నలిగి నలిగి, చివరికి ఒకరోజు అన్నం తింటూ "సరేలేరా, అమ్మేద్దాం. ఇల్లు మీద పడి చస్తే అమ్మ మాత్రం సంతోషిస్తుందా," అంది. రాతకోతలు వచ్చే వారం అనుకున్నారు. ఆమె అమ్మ ఫొటో గోడమీంచి దించి, పాత చీరలో చుట్టి, పెట్టెలో పెట్టింది.

అలా ఉండగా ఒక సెలవు రోజు నీటి మీటరు చూసే అతను వచ్చాడు. మామూలుగా అతను వచ్చే వేళకి ఆమె డ్యూటీలో ఉంటుంది. నీళ్ల బిల్లు సంగతి ఎప్పుడూ చిన్నోడే చూసుకునేవాడు. అతను గేటు పక్క మూత తీసి, మీటరు అద్దం తుడిచి, ఆమె వంక వింతగా చూశాడు.

"ఇంట్లో ఏనుగుని పెంచుతున్నారా అమ్మా?"

"అదేం మాట?"

"ఈ వీధి మొత్తంలో మీ అంత నీళ్లు వాడే ఇల్లు లేదు. చాలా నెలల నుంచి ఇంతే. సారుకి చెప్పానే ఒకసారి. కుళాయిలన్నీ కట్టేసి వచ్చి చూడండి. ఈ చిన్న చక్రం ఆగకపోతే మీ లైను ఎక్కడో కారుతున్నట్టే."

సగం బకెట్‌తో స్నానం చేసే మనిషికి ఆ మాట ఎలా ఉంటుంది? అతను వెళ్లగానే ఆమె ఇంట్లో కుళాయిలన్నీ బిగించింది. మరదలు బజారుకి వెళ్లింది, చిన్నోడు షాపులో ఉన్నాడు. పైకెళ్లి పై కుళాయిలు కూడా చూసి వచ్చింది. వచ్చి మీటరు ముందు చతికిలబడింది. అద్దం కింద చిన్న నక్షత్రంలాంటి చక్రం, ఎవరూ నీళ్లు వాడని ఇంట్లో, హాయిగా తిరుగుతోంది.

మీటరు నుంచి పైపు సందులో బండల కిందుగా ఇంటి వెనక్కి వెళ్లి, అక్కడ గోడెక్కి మేడమీది ట్యాంకుకి చేరుతుంది. గోడెక్కే చోట ఒక వాల్వు ఉంది. తుప్పుపట్టిన ఆ వాల్వుకి కొబ్బరినూనె పోసి, గుడ్డ చుట్టి, రెండు చేతులా తిప్పి మూసింది. పరుగున గేటు దగ్గరికి వచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది. అంటే ట్యాంకూ కాదు, ఇంట్లో పైపులూ కాదు. గేటుకీ ఆ వాల్వుకీ మధ్య, నేల కింద.

ఎక్కడ? సందు అంతా తవ్వడం కుదిరే పని కాదు. కాసేపు ఆలోచించి లోపలికెళ్లి స్టెతస్కోపు తెచ్చుకుంది. సందులో మోకాళ్లమీద కూర్చుని, ఒక్కో బండ మీదా బిళ్ల ఆనించి, కళ్లు మూసుకుని వినసాగింది. రొమ్ములో పిల్లికూతలు వినడం అలవాటైన చెవులు. మొదటి బండల కింద ఏమీ లేదు. తర్వాత దూరంగా ఎక్కడో ఈల వేసినట్టు. జరుగుతున్నకొద్దీ అది దగ్గరైంది.

ఎదురింటి తాతగారు బాల్కనీలోంచి తొంగిచూశాడు. "ఏం నర్సమ్మా, భూదేవికి ఆయాసమా?"

"ఆయాసం కాదు తాతగారూ, కడుపులో గుడగుడ!" అందామె తల ఎత్తకుండానే.

పడకగది కిటికీ కిందికి వచ్చేసరికి చెవుల్లో బుస్సుమని మోత. అక్కడి నుంచి రెండు పక్కలకీ జరిపి చూసింది, తగ్గింది. మళ్లీ అక్కడికే వచ్చింది. సందేహం లేదు.

లేచి నిలబడేసరికి ఆమెకి నవ్వాగలేదు. మొక్కలు కాదు. పునాదీ కాదు. ఒక్క పైపు! పైపు మారిస్తే గోడ ఆరుతుంది. ఇల్లు అమ్మక్కర్లేదు. ఇంటిని కూలదోస్తున్నది తను కాదు. చిన్నోడికి ఫోన్ చేసింది, తియ్యలేదు. పోనీలే, ఇంటికొచ్చాక చెప్తే ఎగిరి గంతేస్తాడు అనుకుంది. మరదలు బజారు నుంచి రాగానే గేటులోనే పట్టుకుని అంతా ఏకరువు పెట్టింది.

మరదలు సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఆయన వచ్చాక చూద్దాం వదినా. ఎందుకు తొందర," అంది.

"తొందరేమిటే, వచ్చే వారం రాతకోతలు! నేను రేపే మనిషిని పిలిపిస్తాను."

మరదలు మెట్లెక్కి వెళ్లిపోయింది. ఎండలో నడిచొచ్చింది కదా, అలసిపోయి ఉంటుందనుకుంది నర్సమ్మ. ఆ సాయంత్రం చిన్నోడు సరుకు కోసం పొరుగూరు వెళ్లాడని, అక్కడే ఉండి మర్నాడు నేరుగా షాపుకి వస్తాడని మరదలు మెట్లమీంచే చెప్పింది. నర్సమ్మ మెయిన్ రోడ్డులో పైపులమ్మే షాపుకెళ్లి మంచి మేస్త్రిని పంపమని చెప్పి వచ్చింది.

మర్నాడు పొద్దున మేస్త్రి వచ్చాడు. భారీ మనిషి, నోటికి మూత లేని మనిషి. గేటు తీస్తూనే మొదలుపెట్టాడు. "మా బావమరిది నా బండి పట్టుకుపోయాడమ్మా. అడిగితే పెట్రోలు పోయించుకొస్తానన్నాడు. పెట్రోలు పోయించడానికి ఊళ్లోనే ఉండొచ్చు కదా, పక్క జిల్లా ఎందుకు పోవాలి?" అంటూ సందులోకి నడిచాడు. ఆమె గేటు బయట ఉన్న వీధి వాల్వు తాళంచెవి తీసుకుని వెనకే వచ్చేసరికి, అతను కిటికీ కింద ఆగి, సరిగ్గా ఆ బండ మీదే సంచి దించి, గడ్డపార అందుకుంటున్నాడు.

ఆమె ఆశ్చర్యపోయింది. తానక్కడ గుర్తేమీ పెట్టలేదు.

"అక్కడేనని మీకెలా తెలిసింది?"

మేస్త్రి నవ్వాడు. "తెలియకపోవడమేమిటమ్మా, పోయినసారి తవ్వింది నేనే కదా! అప్పుడే మార్చేద్దాం సారూ అన్నాను. ఇన్నాళ్లకి తీరిక చిక్కిందన్నమాట ఆయనకి."

"మీరు ఇంకే ఇల్లో అనుకుంటున్నారు."

"ఫ్యాన్ల షాపు సారుది కదా ఈ ఇల్లు? మా ఇంట్లో తిరిగేది ఆయన ఫ్యానే. తిరుగుతుందని కాదు, ఉంది."

ఆ హాస్యం ఆమె చెవికెక్కలేదు. కిటికీ కింద గట్టుమీద కూర్చుంది. రోగి తాలూకు మనుషులు కంగారుపడుతుంటే ఏ గొంతుతో ప్రశ్నలు అడుగుతుందో, ఆ గొంతుతోనే అడిగింది.

"ఎప్పుడు తవ్వారు?"

"వానలు వెళ్లిన కొత్తల్లో. మీరేదో ఊరెళ్లారని చెప్పారు."

"తవ్వితే ఏం కనబడింది?"

"ఏముంది, పాత ఇనప పైపు, తుప్పు తినేసింది. మేకు దిగేంత బొక్క. నీళ్లు తిన్నగా మీ గోడకేసి కొడుతున్నాయి. చూపించాను. సారు కిందికి వంగి, ఫోన్ లైటు వేసి మరీ చూశారు. చాలాసేపు అలాగే చూశారు. చూసి, మూసెయ్ అన్నారు."

"మూసెయ్ అన్నాడా?"

"మా అక్క వచ్చాక మాట్లాడి చేయిస్తాను, ఇప్పటికి పూడ్చెయ్ అన్నారు." మేస్త్రి గడ్డపార మీద చేతులానించాడు. ఆమె మొహం చూసి అతని గొంతు కొంచెం తగ్గింది. "అలా వదలడం బాగుండదు సారూ, పోనీ ఇప్పటికి రబ్బరు ముక్క చుట్టి కట్టేస్తాను, నాకేమీ ఇవ్వొద్దు అన్నాను. అదీ వద్దన్నారు. పెద్దవాళ్ల ఇంటి విషయం, మనకెందుకని బండలు వేసి పోయాను. ఆయన మీకు చెప్పలేదా ఏమిటి?"

రబ్బరు ముక్క దగ్గరే ఆమె ఆలోచన ఆగిపోయింది. పైపు మార్చడం వాయిదా వేశాడంటే ఏదో కారణం ఉండొచ్చు. పని ఒత్తిడి కావచ్చు, మరుపు కావచ్చు. తమ్ముడి తరఫున ఎన్ని సాకులైనా వెతకగలదు ఆమె. చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఊరికే కట్టిపెడతానన్న రబ్బరు ముక్కని వద్దనడానికి ఏ సాకు దొరుకుతుంది?

పందికొక్కు. మొక్కలకి పోసిన నీళ్లు. "నీ ఇష్టం అక్కా." ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటూ ఉండేది.

"తవ్వండి," అంది.

బండ లేవగానే కింద మట్టి లేదు, బురద ఉంది. మేస్త్రి వీధి వాల్వు కట్టి, బురద ఎత్తిపోసి, పైపు బయటపెట్టాడు. నల్లగా ఉబ్బి, పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. మేకు దిగేంత అని అతను చెప్పిన బొక్కలో ఇప్పుడు వేలు దూరుతుంది. దానికెదురుగా పునాది రాళ్ల మధ్య గచ్చు కొట్టుకుపోయి, చిన్న గుహలా గుంట పడింది. దాని మీదే గోడ. గోడకి అవతల ఆమె మంచం.

"ఇంకో వానాకాలం ఇలాగే ఉంటే నిజంగానే కుంగేదమ్మా," అన్నాడు మేస్త్రి. "గుంటలో కంకర, సిమెంటు దట్టిస్తే సరిపోతుంది. పైపు ఈ చివర నుంచి ఆ చివరకి మార్చేస్తాను. మధ్యాహ్నానికల్లా మూసేస్తా."

"మార్చండి. కానీ నేను చెప్పేదాకా మూయొద్దు."

మేస్త్రి సామాన్లు తేవడానికి వెళ్లాడు. పైన కుళాయి ఆగిపోయినట్టుంది, మరదలు ఖాళీ బిందె పట్టుకుని దిగింది. సందు మొదట్లోకి వచ్చి, తవ్విన మట్టిని చూసి, అక్కడే నిలిచిపోయింది.

"నీకు తెలుసా?" అంది నర్సమ్మ.

మరదలు నీళ్లు నమిలింది. "నేను చెప్పేయమన్నాను వదినా. ఎన్నోసార్లు అన్నాను. ఆయన..."

"పట్టా ఇచ్చావు."

"వదినా?"

"నేల చల్లగా ఉంటుందని పట్టా ఇచ్చావు. తెలిసే ఇచ్చావు."

మరదలు బిందె కింద పెట్టి కొంగుతో మొహం కప్పుకుంది. నర్సమ్మకి ఆమె మీద జాలీ రాలేదు, కోపమూ రాలేదు. "వాడికి ఫోన్ చెయ్యి. నేను చేస్తే తియ్యడు," అంది.

చిన్నోడు వచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో బండి తాళాలు. సందులో మేస్త్రిని చూశాడు, గోతిని చూశాడు, గట్టుమీద కూర్చున్న అక్కని చూశాడు. ఏ మొహం పెట్టాలో తెలియక ముందు నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

"అక్కా, అసలు ఏం జరిగిందంటే..."

"పందికొక్కు దొరికిందిరా," అంది ఆమె.

మేస్త్రి గభాలున లేచి, "నేను గేటు దగ్గర ఉంటానమ్మా," అని వెళ్లిపోయాడు.

చిన్నోడు తాళాలు జేబులో వేసుకున్నాడు, మళ్లీ తీశాడు.

"బాగుచేయిద్దామనే తవ్వించాను," అన్నాడు. "అమ్మ తోడు. నువ్వొచ్చేసరికి చేయించేయాలనే అనుకున్నాను. తవ్వించడానికి ముందురోజే గోడౌన్ ఆసామి షాపుకొచ్చి స్థలం అడిగి వెళ్లాడు. మా అక్క ఒప్పుకోదండీ అని పంపేశాను. మర్నాడు ఈ పైపు చూస్తుంటే... ఎందుకో మూసెయ్యమన్నాను. అంతే. తర్వాత ఇక చెప్పలేకపోయాను."

"తర్వాత చాలానే చెప్పావు. మొక్కల వల్లే అన్నావు. నేను నా చేత్తో గులాబీలు పీకుతుంటే పక్కన నిలబడి డబ్బాలు అందుకున్నావు."

అతను తల దించుకున్నాడు.

"ఆ ఇంజినీరు కూడా నీ మనిషేనా?"

"లేదు. ఆయనకేమీ తెలియదు. గోడ చూపించాను, కనిపించింది చెప్పాడు."

"ఎందుకురా?"

చిన్నోడు గోడకి ఆనుకున్నాడు. తడి చొక్కాకి అంటినా గమనించలేదు.

"నాకు విడిగా ఒక ఇల్లు కావాలక్కా. నాదే అనేది. ఈ వయసొచ్చినా ఈ వీధిలో నేను నర్సమ్మ తమ్ముణ్ణే. మేకు కొట్టాలన్నా నిన్నడగాలి. నువ్వేమీ అనవు, అది నాకు తెలుసు. అయినా అడగాలి. అమ్మేద్దామంటే నువ్వు ఒప్పుకునేదానివా? చెప్పు, ఒప్పుకునేదానివా?"

ఆమె నిజంగానే ఆలోచించింది.

"ఒప్పుకునేదాన్ని కాదు," అంది చివరికి. "కాదనేదాన్ని. నువ్వు అరిచేవాడివి, నేనూ అరిచేదాన్ని. నెలో రెండు నెలలో మాట్లాడుకునేవాళ్లం కాదు. ఎదురింటి తాతగారు వచ్చి సర్దిచెప్పేవాడు. పోట్లాడుకున్నా అక్కాతమ్ముళ్లమే కదరా. దాంట్లో ఏం పోయేది?"

చిన్నోడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను ఆ గోడ పక్కనే పడుకుంటున్నాను," అందామె. గొంతు హెచ్చించలేదు. "మీద పడుతుందేమోనని భయపడుతూ పడుకున్నాను. నువ్వు పైన పడుకుని, ఇది కారుతోందని తెలిసి, నిద్రపోయావు. అది ఎలా చేశావో నాకు అర్థం కావడం లేదు. అదొక్కటి చెప్పు."

అతను చేతిలోని తాళాల వంకే చూశాడు. మేడమీద ఎక్కడో తలుపు మెల్లగా మూసుకుంది.

గేటు దగ్గర మేస్త్రి గట్టిగా దగ్గాడు. "అమ్మా, అతుకు వేసేటప్పుడు అవతలి చివర ఎవరైనా కదలకుండా పట్టుకోవాలి. మా బావమరిది ఉంటే వాడే పట్టేవాడు..."

ఆమె లేవబోయింది. ఆమెకంటే ముందే చిన్నోడు చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, గోతిలోకి దిగాడు. ఇస్త్రీ చొక్కా మీద బురద చిందింది. మేస్త్రి కొత్త పైపు చివరలకి జిగురు రాసి, తోసి, తిప్పి, బిగించాడు. ఆరేదాకా కదపొద్దని చెప్పాడు. ఆరేదాకా చిన్నోడు ఆ పైపుని రెండు చేతులా పట్టుకుని బురదలో మోకరించి ఉన్నాడు. ఒకసారి తల ఎత్తి అక్క వంక చూశాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు అలాగే చూసేవాడు. అప్పుడైతే ఆ చూపుకే ఆమె కరిగిపోయేది. ఇప్పుడు ఆమె మీటరు చూసి వస్తానని లేచి వెళ్లిపోయింది.

మేస్త్రి వీధి వాల్వు విప్పాడు. కుళాయిలన్నీ, వెనక ట్యాంకుకెళ్లే వాల్వూ కట్టేసే ఉన్నాయి. అద్దం కింద చిన్న చక్రం ఒక్కసారి ఊగి, నిలిచిపోయింది. "పట్టేసిందమ్మా! నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు ఊరికేనా," అన్నాడు మేస్త్రి ఉత్సాహంగా. అని, అనకూడని మాటేమోనని తోచి, సామాన్లు సర్దుకోసాగాడు. గుంట పూడ్చి, బండలు వేసి, మట్టం చూసి మరీ వెళ్లాడు.

గోడౌన్ ఆసామికి ఇల్లు అమ్మడం లేదని ఆమే కబురు చేసింది. ఆయన పెద్దగా పట్టించుకోలేదు, పక్క స్థలం కొనుక్కున్నాడు. గోడ ఒక్కరోజులో ఆరలేదు. తడి కిందికి దిగుతూ దిగుతూ, తెల్లటి ఉప్పు చారలు వదిలి, ఎప్పటికో పోయింది. పెచ్చులు గీకి రంగు వెయ్యడానికి వచ్చినతను "ఏమైందమ్మా ఈ గోడకి?" అని అడిగితే, "పైపు కారింది," అని మాత్రం చెప్పింది.

ఆ నెలాఖరుకి చిన్నోడు షాపుకి దగ్గరలో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. వెళ్లమని ఆమె అనలేదు. ఉండమనీ అనలేదు. సామాను బండికెక్కించాక మరదలు పై వాటా తాళంచెవి తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నాకెందుకు? అది వాడి వాటా. అమ్మ ఇచ్చింది," అని నర్సమ్మ తాళంచెవిని మరదలి చేతిలోనే పెట్టి గుప్పిట మూసింది. ఆస్పత్రిలో తోటి నర్సులు అడిగినప్పుడు, "షాపుకి దగ్గరని మారారు," అని చెప్పింది. చెప్పడానికి ఏమీ తడుముకోలేదు. అంత తేలిగ్గా అబద్ధం నోటికి వచ్చినందుకు ఆ రోజంతా ఆమెకి చేదుగా ఉంది.

పై వాటా అలాగే తాళం వేసి ఉంది. ఎప్పుడైనా సెలవు రోజుల్లో చిన్నోడు వచ్చి కిటికీలు తెరిచి, దుమ్ము దులిపి వెళ్తాడు. కింద వంట చేసుకుంటూ ఆమె ఆ అడుగులు వింటుంది. ఎక్కడ నిలబడ్డాడో, ఏ తలుపు తీశాడో తెలుస్తూనే ఉంటుంది. ఇదివరకైతే మెట్ల దగ్గరికి వెళ్లి, "ఒరేయ్, కంచం పెట్టానురా," అని కేకేసేది. ఇప్పుడు గరిటె తిప్పుతూ ఉండిపోతుంది.

మొన్న వెళ్లిపోతూ అతను మెట్ల కింద ఆగాడు. తలుపు తెరిచే ఉంది. లోపలికి రాలేదు.

"అక్కా," అన్నాడు.

"ఊఁ," అందామె.

ఆమె ఇంకేదైనా అంటుందేమోనని అతను కాసేపు నిలబడ్డాడు. ఆమె కూడా తన నోటి నుంచి ఇంకేదైనా వస్తుందేమోనని చూసింది. రాలేదు. గేటు తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు వినిపించాయి. ఆమె పొయ్యి మంట తగ్గించింది.